గోడ పట్టుకున్న చెయ్యి

కొత్త రంగు వేయించిన గోడ మీద మరక కనబడితే ఆ ఇల్లాలికి ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. అందులోనూ అది రంగుల దుకాణంలో నిలబడి నిలబడి, దుకాణదారుకి విసుగు పుట్టించి మరీ ఎంచుకున్న రంగు. పాల మీద మీగడలా ఉంటుంది. బాత్‌రూమ్ నుంచి హాల్లోకి వచ్చే నడవాలో వేయించి ఎంతో కాలం కాలేదు. ఆ పొద్దున తడిబట్టల బకెట్ పట్టుకుని వెళ్తూ, కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో చూసింది. గోడ పొడుగునా చేతి ముద్రలు. ఒకటీ అరా కాదు, వరసగా.

“పిట్టా! ఒకసారి ఇటు తగలడు.”

పిట్ట ఆమె కూతురు. హైస్కూల్లో చదువుతోంది. పేరుకే పిట్ట, నోరు విప్పితే ఇంటి పైకప్పు లేచిపోతుంది. నోట్లో బ్రష్షుతోనే వచ్చి నిలబడింది.

“ఏంటమ్మా?”

“ఏంటో నువ్వే చెప్పు. చేతులు తుడుచుకోడానికి ఇంట్లో టవల్ కరువైందా? గోడే దొరికిందా?”

“నేనా? నేనెందుకు తుడుస్తాను గోడకి?”

“మరెవరు తుడిచారు? గోడకే చేతులు మొలిచాయా?”

“నాన్నా! పొద్దున్నే కోర్టు పెట్టింది చూడు. లాయర్ కూడా లేడు నాకు.”

చొక్కా గుండీలు పెట్టుకుంటూ భర్త వచ్చాడు. వైద్య పరికరాలు తయారుచేసే ఇంజినీరు కాబట్టి అతనికి ఏదైనా ముందు కొలవాలి, తర్వాతే మాట్లాడాలి. గోడని అటు నుంచీ ఇటు నుంచీ చూసి, గొంతు సవరించుకున్నాడు.

“ముద్దాయి చెయ్యి గోడ మీద పెట్టవలెను.”

పిట్ట నురగ మింగి, ఒక ముద్ర మీద అరచెయ్యి ఆనించింది. ముద్ర వేళ్ళు పిట్ట వేళ్ళకంటే పొడుగ్గా ఉన్నాయి. “చూశావా! నాది కాదు. నన్ను అన్యాయంగా తిట్టావు. సారీ చెప్పు.”

“నాదైతే ఇంకా పైకి ఉండాలి,” అన్నాడు భర్త. “ఇక మిగిలింది జడ్జిగారే.”

“అవునవును, రంగు వేయించిందీ నేనే, మరక చేసిందీ నేనే. పనీపాటా లేక.” ఆమె బకెట్ చప్పుడయ్యేలా కింద పెట్టింది.

భోజనాల బల్ల దగ్గర టీ కప్పు పట్టుకుని కూర్చున్న అత్తగారు తల ఎత్తలేదు. “గోడే కదే, తుడిస్తే పోతుంది. దానికోసం పొద్దున్నే పిల్లని సాధించాలా?” అంది.

ఆవిడ చెయ్యి ఎవరూ గోడ మీద పెట్టి చూడలేదు. ఆ ఇంట్లో ఈమధ్య అత్తగారి చేతులంటే ముద్దే తప్ప అనుమానం లేదు మరి.

అత్తగారు పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. దారం పోగంత సన్నటి నరంలోకి కూడా ఒక్క పోటుతో సూది దించేదని ఆవిడకి అక్కడ ‘సూదమ్మ’ అని పేరు. ఆ చేతులకే వణుకు వచ్చింది. మొదట్లో కప్పు గలగలలాడేది. తర్వాత చెంచా నోటి దాకా చేరేది కాదు. చివరికి కోడలు తినిపించాల్సి వచ్చింది. మెడకి తువ్వాలు కట్టి తినిపిస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకునేది, ఎవరి మొహమూ చూడకుండా.

అది చూసే కొడుకు ఆ గుండీ తయారుచేశాడు. అసలు పేరు ఏదో పొడుగ్గా ఉంది గాని ఇంట్లో అందరూ గుండీ అనే అంటారు. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. చెవి వెనక అంటిస్తే లోపలికి సన్నటి కరెంటు పంపిస్తుంది, చేతుల వణుకు ఆగిపోతుంది. కొన్నేళ్ళ పని అది. ఇప్పుడు ఆసుపత్రి వాళ్ళు కొంతమందికి పెట్టి పరీక్షిస్తున్నారు. అందులో అత్తగారూ ఒకరు. తయారుచేసినవాళ్ళ బంధువులు పరీక్షలో ఉండకూడదన్నది నియమం. కానీ ఆవిడ పరీక్ష చూస్తున్న డాక్టరుగారి చెయ్యి పట్టుకుని అడిగింది. పట్టుకున్న చెయ్యి వణుకుతూంటే ఆయన కాదనలేకపోయాడు.

“మన పెయింటర్ మళ్ళీ పనిలోకి దిగాడమ్మా,” అన్నాడు కొడుకు కుర్చీ లాక్కుని. వాళ్ళింటికి రంగు వేసిన మనిషి కాదు. పరీక్షలో ఉన్న ఇంకొకాయన, చేతులు వణికి పని మానుకున్నవాడు. “స్కూలు బిల్డింగు కాంట్రాక్టట. కిటికీ అంచులకి గీత గీసినట్టు వేస్తున్నాడట బ్రష్షు. ఫోటో పంపించాడు.”

“పాపం, ఇల్లు గడుస్తుంది,” అంది అత్తగారు.

“మొదట్లో కళ్ళు తిరుగుతున్నాయన్నాడు గాని, అది పెయింట్ వాసనకి. రేపు ఆసుపత్రి కమిటీ సరేనంటే చాలు. వందలమందికి పెట్టొచ్చు.”

మాట పూర్తి కాకుండానే బల్ల మీద ఫోన్ మోగింది. అత్తగారిది. వారానికోసారి ఆసుపత్రి నుంచి ఒక నర్సు ఫోన్ చేసి బాగోగులు అడుగుతుంది. పిట్ట ఆ పిల్లకి ‘ఫోన్ నర్సు’ అని పేరు పెట్టింది. తనూ వినొచ్చని కొడుకే ఆ ఫోను పొద్దున టీ వేళకి వచ్చేలా ఏర్పాటు చేశాడు. స్పీకర్ నొక్కేదీ అతనే.

“నమస్తే అమ్మా. ఈ వారం ఏమైనా ఇబ్బంది ఉందా?”

కొడుకు కప్పు పెదవుల దాకా తెచ్చి ఆపాడు. తల్లి మొహమే చూస్తున్నాడు.

“ఏం లేదు తల్లీ. అంతా బాగుంది.”

కప్పు మళ్ళీ కదిలింది. అతను ఒక్క గుక్కలో టీ తాగేసి, బ్యాగు భుజాన వేసుకుని, పిట్టని స్కూటర్ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. గోడ గొడవలో పడి ఆమె కట్టి పెట్టిన భోజనం డబ్బా బల్ల మీదే మర్చిపోయాడు.

ఇల్లు సద్దుమణిగాక ఆమె తడిగుడ్డ తీసుకుని నడవాలోకి వెళ్ళింది. ఒకటి తుడిచింది. రెండోది తుడవబోయి ఆగింది. చేతులు తుడుచుకున్న మరకైతే పక్కకి జారినట్టు ఉండాలి. ఇవి అలా లేవు. వేళ్ళు బాగా విడదీసి, అరచేతి అడుగు భాగం గట్టిగా అదిమినట్టున్నాయి. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. అన్నీ కుడిచేతివే. బాత్‌రూమ్ వైపు నుంచి హాలు వైపుకి వచ్చేవే.

ఆమె గుడ్డ భుజాన వేసుకుని, ముద్ర మీద చెయ్యి పెట్టి, తర్వాతి ముద్ర దాకా నడిచింది. అడుగు చిన్నది చేయాల్సి వచ్చింది. మళ్ళీ ఇంకా చిన్నది. అంత దగ్గర దగ్గరగా అడుగులు వేసే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే.



అప్పుడు ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది. స్నానానికి పీట కావాలని ఆవిడ అడగడం. మంచాన్ని కిటికీ దగ్గర్నుంచి తలుపు దగ్గరికి జరిపించడం. డాబా మీదకి రావడం మానేసి, మోకాళ్ళ మీద నెట్టెయ్యడం. పై అరలో డబ్బా కావాలంటే తల ఎత్తకుండా “పిట్టా, అందుకోవే” అనడం. అన్నిటికీ ఆమే సమాధానాలు చెప్పుకుంది. వయసంది, చలి అంది. చేతులు నిలిచాయన్న సంతోషంలో కాళ్ళ సంగతి ఎవరు చూశారు?

బాత్‌రూమ్ గడియ తీసిన చప్పుడైంది. ఆమె వంటింటి గుమ్మంలోకి తప్పుకుంది. అత్తగారు బయటికి వచ్చింది. రెండడుగులు వేసి ఆగింది. కుడిచెయ్యి గోడకి అదిమింది, కళ్ళు మూసుకుంది. బస్సు ఆగేదాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డ మనిషిలా, అలా నిలబడింది.

“అత్తయ్యా.”

ఆవిడ ఉలిక్కిపడి గోడ మీంచి చెయ్యి తీసేసింది. తీయగానే పక్కకి ఒరిగింది. కోడలు ఒక్క అంగలో వెళ్ళి నడుం చుట్టూ పట్టుకుంది. ఇద్దరూ గోడకి జారగిలబడ్డారు.

“ఎప్పట్నుంచి?”

“ఏది?”

“నా దగ్గర కూడానా అత్తయ్యా?”

అత్తగారు మంచం దాకా నడిచి, కూర్చుని, కాసేపు కొంగు అంచు సవరించుకుంది. “కరెంటు పెంచారు చూడు, అప్పట్నుంచి. రోజంతా ఉండదే. లేచినప్పుడు, తల పైకెత్తినప్పుడు. ఇల్లంతా పడవలా ఊగుతుంది. కళ్ళు మూసుకుని నిలబడితే తగ్గిపోతుంది. ఆ మాత్రానికి ఊరంతా దండోరా వేయించాలా?”

“ఊరికి అక్కర్లేదు. ఫోన్ నర్సుకి చెప్తే చాలు.”

“చెప్పనిస్తేగా! ఆ పిల్ల ఫోను చేసే వేళకి వాడు ఎదురుగా కూర్చుంటాడు. పరీక్ష తప్పానా, పాసయ్యానా అని చూసే పిల్లాడిలా నా మొహమే చూస్తుంటాడు. వాడి కళ్ళలోకి చూస్తూ బాలేదని ఎలా చెప్పనే?”

“ఇన్నేళ్ళు ఆసుపత్రిలో చేసి…”

“అక్కడే ఆగు. నాకు పాఠాలు చెప్పకు. పిల్లాడికి వాంతి అయిందని చెప్పకుండా దాచిన తల్లుల్ని నేనెన్ని తిట్లు తిట్టానో నాకు తెలుసు.” దిండు కింద నుంచి సూదీ దారం తీసింది. పిట్ట గౌను అంచు కుట్టడానికి పెట్టుకున్నవి. దారం కొస నోట తడిపి, సూది ఎత్తి, ఒక్కసారికే ఎక్కించింది. “చూడు. ఈ చేతులు మళ్ళీ నాకిచ్చాడు వాడు. ఇది పీకేస్తే మళ్ళీ మెడకి తువ్వాలు. మళ్ళీ నువ్వు తినిపించాలి. తినిపిస్తావు, కాదనను. ఏనాడూ మొహం చిట్లించలేదు నువ్వు. తినేదాన్ని నేను కదే.”

ఆ మాట నిజం. నిజం కాబట్టే కోడలికి భయంగా ఉంది.

“ఆ పెయింటర్ నిచ్చెన ఎక్కుతున్నాడు అత్తయ్యా,” అంది చివరికి.

అత్తగారి చేతిలో సూది ఆగింది.

“ఆయనకి పెయింట్ వాసన అన్నాడుగా వాడు.”

“మీకూ పెయింట్ వాసనేనా?”

ఆవిడ సూదిని దారపు ఉండకి గుచ్చింది, పీకింది, మళ్ళీ గుచ్చింది. “రేపొక్కరోజు పోనీ. కమిటీ అయిపోనీ. తర్వాత నేనే మెల్లిగా చెప్తాను వాడికి. నువ్వు చెప్పనని మాటివ్వు.”

ఆమె మాట ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. బల్ల మీద భోజనం డబ్బా కనబడింది. “మీ అబ్బాయి డబ్బా మర్చిపోయారు. ఇచ్చొస్తాను. నేను వచ్చేదాకా మంచం దిగకండి,” అని చెప్పులేసుకుంది.

బస్సులో కూర్చుని చెప్పాల్సిన మాట కూడబలుక్కుంది. ‘ఏమండీ, అత్తయ్యకి కళ్ళు తిరుగుతున్నాయి.’ ఎంత చిన్న మాట! జలుబు చేసిందన్నంత తేలిక. కానీ ఆ మాట అన్నాక అత్తగారి చేతులు ఏమవుతాయి, భర్త ఏమవుతాడు? ఒడిలో డబ్బా వెచ్చగా ఉంది. దారిలో ఎక్కడ నిచ్చెన కనబడినా కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. ఒకచోట కేబుల్ వైర్లు లాగుతున్నారు, ఒకచోట హోటల్ బోర్డు కడుతున్నారు. పెయింటర్ మొహం ఆమె ఎప్పుడూ చూసింది లేదు. చూడకపోవడం వల్ల నిచ్చెన మీదున్న ప్రతివాడూ ఆ పెయింటరే అనిపించాడు.

భర్త పనిచేసే గది మేడ మీద ఉంది. పొడుగాటి బల్ల మీద రబ్బరు తలలు వరసగా పెట్టి ఉన్నాయి. కళ్ళూ ముక్కూ లేవు, చెవులు మాత్రం చక్కగా చెక్కారు. ఒక్కో చెవి వెనకా ఒక్కో గుండీ. వాటి నుంచి సన్నటి వైర్లు కంప్యూటర్లలోకి పాకుతున్నాయి. కాలిన సీసం వాసన.

భర్త ఫోన్లో ఉన్నాడని అక్కడి జూనియర్ ఇంజినీరు స్టూలు వేసింది. కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన అమ్మాయి. కళ్ళ కింద నల్లటి చారలు.

“రేపటికి అంతా సిద్ధమేనా?” అంది ఆమె, ఏదో ఒకటి అనాలని.

“ఆఁ మేడం. అంటే… సిద్ధమే.” ఆ అమ్మాయి వైరు చుట్ట విప్పింది, మళ్ళీ చుట్టింది. “నాకే కాస్త అనుమానంగా ఉండేది. ఇద్దరు ముగ్గురు తూలుతున్నట్టుందని చెప్పారు. కరెంటు పెంచిన తర్వాతే. ఒకసారి ఆపి చూద్దామా సార్ అన్నాను. ఒకాయనకి పెయింట్ వాసన, ఒకావిడకి బీపీ అన్నారు.”

“మరి నువ్వు ఊరుకున్నావా?”

“ఊరుకోలేదు మేడం, గట్టిగానే అడిగాను. అప్పుడు సార్ ఒక మాటన్నారు. అందరికంటే పెద్ద వయసావిడ ఒకరున్నారు, ఆవిడే నర్సు, ఏ తేడా ఉన్నా ముందు పట్టేసేది ఆవిడే, ఆవిడకి ఒక్కసారి కూడా ఏమీ లేదు, ఇక మిగతావాళ్ళకి దీనివల్లే వచ్చిందని ఎలా అంటాం అన్నారు. డాక్టరుగారు కూడా అదే నిజమన్నారు. నేనింకేం మాట్లాడతాను?”

అత్తగారి ‘అంతా బాగుంది’ అన్న మాట ఆ ఇంటి బల్ల దగ్గరే ఆగిపోలేదు. మేడ మెట్లెక్కి ఇక్కడికొచ్చింది. మిగతావాళ్ళ నోళ్ళు మూయించింది. ఆ పెద్దావిడ తన సార్ తల్లేనని ఈ అమ్మాయికి తెలియను కూడా తెలియదు.

భర్త నవ్వుకుంటూ వచ్చాడు. “అరే, డబ్బా కోసం ఇంత దూరం వచ్చావా? ఎవరితోనైనా పంపిస్తే పోయేదిగా.”

“మెట్ల దగ్గరికి రండి.”

మెట్ల మలుపులో మంచినీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి, బస్సులో కూడబలుక్కున్నదేదీ గుర్తు రాక, గోడ దగ్గర్నుంచి మొదలెట్టి అంతా చెప్పేసింది. పీట, మంచం, డాబా, కళ్ళు మూసుకుని నిలబడటం. అతను మొదట నవ్వాడు. తర్వాత డబ్బా మూతని తిప్పుతూ ఉండిపోయాడు.

“అమ్మ నాతో అనలేదే!”

“మీతో కాబట్టే అనలేదు.”

“పడుకుని లేచినప్పుడు ఎవరికైనా తిరుగుతుంది. ఆ వయసులో…”

“ఆవిడదీ వయసేనా? పెయింటర్‌ది వాసన, ఇంకొకావిడది బీపీ, అత్తయ్యది వయసు. మీ గుండీది మాత్రం ఏమీ కాదా?”

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “మెల్లిగా. రేపు కమిటీ ఉంది. రేపు ఒక్కరోజు ఆగు. అది దాటితే కరెంటు తగ్గించి కొత్తది తయారు చేస్తాను, నాకు దారి తెలుసు. ఇప్పుడు ఆపితే మొత్తం మూలపడుతుంది. మళ్ళీ ఎవడూ దాని మొహం చూడడు. అమ్మలాంటి వాళ్ళు ఎంతమంది దాని కోసం కాచుక్కూర్చున్నారో తెలుసా నీకు?”

“తెలుసు. ఆ చేతులు వణికినన్నాళ్ళూ అన్నం తినిపించింది నేను.”

అతను డబ్బా మూత తిప్పడం ఆపాడు.

“మీ అమ్మ మీ కోసం అబద్ధం చెప్పింది,” అంది ఆమె. డ్రమ్ము అంచు గట్టిగా పట్టుకుంది. “మీరు ఎవరి కోసం చెప్తారు? రేపు కమిటీ మొదలయ్యే లోపల మీరు చెప్పకపోతే నేనే డాక్టరుగారి దగ్గరికి వెళ్తాను. మీ వెనకాల వెళ్ళడం ఇష్టం లేక ముందే చెప్తున్నాను.”

“అంటే? నా మీద ఫిర్యాదు చేస్తావా?”

“డబ్బా చల్లారకముందే తినండి,” అని గబగబా మెట్లు దిగేసింది.

ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో ఆమెకే తెలియదు. పొయ్యి మీద పాలు పొంగి వంటగట్టంతా పారాయి. ఫోన్ మోగితే ఉలిక్కిపడింది. అది గ్యాసు బండ వాళ్ళది. వీధిలోంచి అంబులెన్సు మోత వినబడితే చేతిలో గిన్నెతోనే గుమ్మంలోకి వెళ్ళి, అది ఏ వైపు మలుపు తిరిగిందో చూసింది. స్కూలు వైపే తిరిగినట్టు అనిపించింది. స్కూళ్ళు ఊర్లో ఎన్ని లేవు అని తనకి తానే చెప్పుకుంది. అత్తగారు మంచం మీద గౌను అంచు కుడుతూ ఉంది. కుట్టు చీమల బారులా సన్నగా, సమంగా పడుతోంది.

“చెప్పావు కదూ,” అంది అత్తగారు, దారం కొరుకుతూ.

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“రేపొక్కరోజు ఆగమన్నారు.”

“నా కొడుకే,” అంది ఆవిడ. ఆ మాటలో గర్వం లేదు.

చీకటి పడకముందే స్కూటర్ చప్పుడైంది. రోజూ వచ్చే వేళ కాదు. అతను తిన్నగా నడవాలోకి వెళ్ళాడు. ఆమె పొద్దున తుడవకుండా వదిలేసిన ముద్రలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒకదాని మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత కాళ్ళు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. చొక్కా చేతి మీద తెల్లరంగు చుక్కలు.

“అన్నం పెట్టేయ్. అందరం కలిసి తిందాం.”

నలుగురూ కూర్చున్నారు. ఎవరూ అన్నం కలపలేదు.

“స్కూలు దగ్గరికి వెళ్ళాను,” అన్నాడు అతను కంచంలోకి చూస్తూ. “పెయింటర్ పై కిటికీ దగ్గర ఉన్నాడు. నన్ను చూడగానే సంతోషంగా దిగుతున్నాడు. సగంలో ఆగాడు. నిచ్చెన మెట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని… అలా ఉండిపోయాడు. నాకు కింద నుంచి పట్టుకోడానికి ఏమీ లేదు, నిచ్చెన తప్ప. కాసేపటికి దిగొచ్చి నవ్వాడు. ‘ఏంటది’ అన్నాను. ‘ఏం లేదు సార్, అంతా బాగుంది’ అన్నాడు.” అతను తల ఎత్తి తల్లిని చూశాడు. “అచ్చం నీలాగే అన్నాడమ్మా. అదే గొంతు.”

అత్తగారు కళ్ళు దించుకుంది.

“మొదట్లో చెప్పాడుగా, మరి ఇప్పుడు దాచడమెందుకు?” అంది పిట్ట.

“అడిగాను. చెప్తే పీకేస్తారు కదా సార్ అన్నాడు. నా కాళ్ళు పట్టుకోబోయాడు.” అతను నీళ్ళు తాగబోయి, గ్లాసు మళ్ళీ పెట్టేశాడు. “బాగున్నవాళ్ళు బాగుందంటారు. బాలేనివాళ్ళూ బాగుందనే అంటారు. ఇక నేను అడిగి ప్రయోజనం ఏముంది? అందుకే డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పేశాను. ఈ సాయంత్రమే ఫోన్లు చేసి అందరి గుండీలూ ఆపించేస్తున్నారు. రేపు కమిటీలో నేనే చెప్తాను, ఏమీ లేదన్న ఆ పెద్దావిడ మా అమ్మేనని. ఇకమీదట ఎవరినీ నేను అడగను, నా మనుషులూ అడగరు. సంబంధం లేనివాళ్ళు మొదటినుంచీ మళ్ళీ అడగాలి.”

“నిన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారా నాన్నా?”

“తీసేయొచ్చు.”

“పర్లేదులే. ఇంట్లో ఉండి గోడలు తుడువు. అమ్మకి మనిషి కావాలి.”

అతను నవ్వబోయాడు, కుదరలేదు. ఆమె అతని కంచంలో కూర వేసింది. పొద్దున్నుంచీ గుండెలో పట్టేసినట్టున్నది కాస్త సడలింది. సడలిన చోటే ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఎదురుగా అత్తగారి చేతులు బల్ల మీద కదలకుండా ఉన్నాయి, పెద్ద వయసు చేతులు, అందమైన చేతులు.

“మిగతావాళ్ళవి ఆపండిరా,” అంది అత్తగారు ఉన్నట్టుండి. “నాది ఉండనీ. నేనేం నిచ్చెన ఎక్కుతానా? పడితే నేను పడతాను. గోడ ఉందిగా పట్టుకోడానికి.”

“అమ్మా…”

“నా చెవి, నా చేతులు. నా ఇష్టం కాదా?”

అప్పుడే ఫోన్ మోగింది. అత్తగారిదే. పిట్ట తెర వైపు చూసి, “ఫోన్ నర్సు,” అంది గుసగుసగా.

కొడుకు చెయ్యి అలవాటుగా స్పీకర్ మీదికి వెళ్ళింది. మధ్యలో ఆగింది. అతను లేచి, కంచం తీసుకుని, వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అత్తగారు ఆ మూసిన తలుపు వైపు చాలాసేపు చూసింది. ఫోన్ మోగుతూనే ఉంది. కోడలు బల్ల కింద నుంచి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసింది. ఆవిడ ఫోన్ అందుకుని చెవికి పెట్టుకుంది.

“ఆఁ, నేనే తల్లీ… లేదు, ఇప్పుడు పక్కన లేడు.” గొంతు సవరించుకుంది. ఒకప్పుడు రోగుల మంచాల పక్కన మాట్లాడిన గొంతులా మారింది అది. “ఉందమ్మా, ఇబ్బంది ఉంది. రాసుకో, మెల్లిగా చెప్తాను. కరెంటు పెంచిన దగ్గర్నుంచి లేచినప్పుడల్లా కళ్ళు తిరుగుతున్నాయి. రోజూ. తూలుతున్నాను, గోడ పట్టుకుంటున్నాను… ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అది కూడా రాసుకో. నా కొడుకు చేసిన వస్తువని చెప్పలేదు. చేతులు పోతాయనీ చెప్పలేదు.”

అవతల ఆ పిల్ల ఏదో చెబుతోంది. అత్తగారు ఊఁ కొడుతూ విన్నది.

“ఇప్పుడేనా? అలాగే, తీసేస్తాను. కాస్త ఆగి మరి, ఇంట్లో వాళ్ళు భోజనానికి కూర్చున్నారు.”

ఫోన్ పెట్టేసి, వంటింటి తలుపు వైపు తిరిగింది. “ఒరేయ్, బయటికి రా. అక్కడ నిలబడి తినే ఖర్మ ఏం పట్టింది నీకు? తీసేస్తున్నాను. రేపు నీతో పాటు ఆ కమిటీకి నేనూ వస్తున్నాను, నువ్వు చెప్పింది చాలదు.”

అతను వచ్చి కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ నీళ్ళ జగ్గు దగ్గరికి లాక్కుంది.

“అత్తయ్యా, లేవకండి, నేను పోస్తాను,” అంది కోడలు కంగారుగా.

“లేవను. కూర్చునే పోస్తాను. ఈ పూట వడ్డన నాది. అయ్యాక తీసేస్తాను.”

ఒక్కొక్క గ్లాసూ ముందుకు జరుపుకుని పోసింది. తొందరపడలేదు. నీళ్ళు అంచు దాకా వచ్చి, అంచు దాటి కాస్త ఉబ్బెత్తుగా నిలబడేదాకా పోసింది. ఒక్క చుక్క బల్ల మీద పడలేదు. నాలుగు గ్లాసులూ అలాగే నిండాయి. ఎవరూ చేత్తో ఎత్తే వీల్లేదు.

“ఇలా పోస్తే ఎలా తాగుతాం నానమ్మా?” అంది పిట్ట.

“వంగి తాగండే,” అంది అత్తగారు, చెవి వెనకకి చెయ్యి పోనిస్తూ.